సంచికి ఆరేళ్ల గ్యారంటీ

పొద్దున ఆరున్నరకు మా ఇంట్లో పట్టుచీరల ముచ్చట ఉండదు. 2024లో ఉగాదికి ముందురోజు మాత్రం ఇంటిల్లిపాదీ చాయ్ గ్లాసులు పట్టుకుని, ఫోన్ చుట్టూ మూగి, ఒక గద్వాల చీరను చూశాం. చీర కట్టింది మా తమ్ముడి బిడ్డ. నిలబడింది టోక్యోలో, ఎడోగావా వార్డులోని ఒక సర్కారు ప్రాథమిక బడి గేటు ముందు. ఇబ్రహీంపట్నంలో ఆరున్నర అంటే అక్కడ పది. పక్కన అల్లుడు నల్ల సూటులో ఉన్నాడు. ఇద్దరి నడుమ చిన్నది, తనకంటే వెడల్పున్న ఎర్ర సంచి వీపున తగిలించుకుని, వెనక్కి పడకుండా కాస్త ముందుకు వంగి నిలబడింది. గేటు పక్కన నిలువు బోర్డు మీద ఉన్నది ‘న్యూగాకుషికి’ అట. బడిలో చేరే వేడుక. ఆ బోర్డు పక్కన ఫొటో దిగడానికి కుటుంబాలన్నీ వరుస కట్టాయి. ఆ ఏడు టోక్యోలో సాకురా ఆలస్యంగా పూసింది కాబట్టి రేకులు ఇంకా రాలుతూనే ఉన్నాయి.

“బోర్డు పక్కన నిలబడెతందుకు గూడ లైనేనా?” అన్నాడు తమ్ముడు. కళ్లు తుడుచుకుంటూనే అన్నాడు.

లోపల ఆరో తరగతి పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకొచ్చారు. హెడ్మాస్టరు వేదిక మీంచి ఆరేళ్ల పిల్లలకు నడుం వంచి శుభాకాంక్షలు చెప్పారు. పిల్లలు ఒక్క గొంతుతో బదులిచ్చారు. మన దగ్గర జూన్‌లో బడిబాట పేరుతో టీచర్లు గల్లీ గల్లీ తిరిగి ‘మీ పిల్లల్ని పంపండమ్మా’ అని అడుగుతారు. పంపినందుకు పిల్లకు దండం పెట్టిన హెడ్మాస్టరును మాత్రం నేను అప్పటిదాకా చూడలేదు.

ఆ సాయంత్రం ఫోన్లో తమ్ముడి బిడ్డ మాట ఒకటే. “బడిల చేరింది బిడ్డ కాదు పెద్దనాన్నా. నేనే.”

ఆ మాట పూర్తిగా అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది.

బర్రెదూడ ఖరీదు

ముందు సంచి సంగతి చెప్పాలి. దాన్ని రందోసెరు అంటారు. డచ్చి వాళ్ల ‘రాన్సెల్’ జపాన్ నోట్లో పడి అలా అయింది. సిపాయిల వీపు సంచి అది. 1885లో, జపాన్ పెద్దింటి పిల్లలు చదివే గకుషూయిన్ అనే బడి ఒక కట్టడి పెట్టింది. పిల్లలెవరూ బండ్లెక్కి రాకూడదు, నౌకర్ల చేత పుస్తకాలు మోయించుకోకూడదు, ఎవరి సంచి వాళ్లే మోసుకోవాలి. రెండేళ్ల తర్వాత యువరాజు బడిలో చేరినప్పుడు ప్రధాని ఇతో హిరోబుమి పెట్టె ఆకారంలో కుట్టించిన సంచిని కానుకగా ఇచ్చాడు. ఇవాళ్టికీ ఆకారం అదే. చట్టం ఏమీ లేదు, ఏ సంచితోనైనా పోవచ్చు. కానీ దాదాపు ఎవరూ పోరు.

ఇంకో ఆనవాయితీ ఉంది. ఆ సంచిని తాత, అమ్మమ్మ లేదా నానమ్మ కొనిపెట్టాలి. బడి మొదలయ్యే ఏడాది ముందు నుంచే కుటుంబాలు దుకాణాల చుట్టూ తిరుగుతాయి. ఆ వేటకు వాళ్ల భాషలో ప్రత్యేకంగా పేరే ఉంది, ‘రన్‌కత్సు’ అని. ఆ ముచ్చట బిడ్డ నోట విన్న తమ్ముడు, “మరి నేనున్నగద, నేను కొంట” అని మాటిచ్చాడు. ధర తర్వాత అడిగాడు. 60 వేల యెన్‌లు. మన లెక్కలో దాదాపు 35 వేల రూపాయలు.

“బ్యాగా, బర్రెదూడనా?”

కొన్నాడు. కొన్న తర్వాత మా వీధిలో ఆ సంచి ఫొటో చూడని వాళ్లు లేరు. ఖాళీగానే కిలో పైన తూగుతుందని, వాన పడినా పుస్తకం తడవదని, అన్నిటికంటే ముఖ్యంగా ఆరేళ్లు గ్యారంటీ అని, ఆరేళ్లలో ఎప్పుడు కుట్టు ఊడినా కంపెనీ వాడు బాగుచేసి పంపుతాడని, చెప్పిన వాళ్లకే మళ్లీ చెప్పాడు. ఆ ఆరేళ్ల మాటలోనే ఇంకో సంగతి దాగి ఉందని మా తమ్ముడికి అప్పుడు తోచలేదు. నాకూ తోచలేదు.

సంచి కొన్న తర్వాత పేర్లు రాయడం. బడి పంపిన జాబితాలో ఉన్న ప్రతి వస్తువు మీదా పిల్ల పేరుండాలి. లోపల తొడుక్కునే తెల్లబూట్లు, వాటి సంచి, దారిలో పెట్టుకునే పసుపు టోపీ, నేల తుడిచే గుడ్డ, పెన్సిళ్లు ఒక్కొక్కటి. లెక్కల డబ్బాలో ఉండే పుల్లలు, బిళ్లలు వందల్లో ఉంటాయి. వాటన్నిటి మీదా వేలిగోరంత చీటీ అంటించాలి. మూడు రాత్రులు పట్టిందట. అల్లుడు అంటించాడు, ఆమె రాసింది.

పేరు రాయడంలోనే మన తెలుగువాళ్లకు ఒక చిక్కు. అక్కడ టీచరు పిల్లల్ని పిలిచేది ఇంటిపేరుతో. మనకు ఇంటిపేరు పెళ్లిపత్రికలోనూ పాస్‌పోర్టులోనూ తప్ప ఎక్కడా నోటికి రాదు. పైగా జపాన్ భాషలో ‘ల’ లేదు, ఉన్నది ‘ర’ ఒక్కటే. ‘నల్ల’ అని ఇంటిపేరున్న పిల్లవాడు బడి గేటు దాటగానే ‘నర్రా-సాన్’ అయిపోతాడు. నల్ల వారి అబ్బాయి నర్రా వారింటికి దత్తు పోయినట్టే.

మిగతా విషయాల్లో భాష మనకు చుట్టమే. నేను పండితుణ్ని కాను గానీ, చిన్నదానితో ఫోన్లో మాట్లాడుతుంటే వినిపిస్తుంది. మనది అజంత భాష. మాట చివర అచ్చు లేకపోతే మన నాలుకకు కుదరదు, అందుకే బస్సు, క్లాసు, నోటు అన్నాం. వాళ్లూ అంతే. బస్సు వాళ్ల నోట్లో ‘బసు’. క్లాసు ‘కురాసు’. నోటుబుక్కు ‘నోతో’. వాక్యం చివర క్రియ పెట్టడమూ మనలాగే. మన ‘గారు’ వాళ్ల ‘సాన్’. మాటలు చుట్టాలు కావచ్చు గానీ రాత కాదు. ఒకటో తరగతిలో 80, ఆరో తరగతి ముగిసేసరికి 1,026 కంజీ అక్షరాలు రావాలి. మన 56 అక్షరాలకే గుణింతాలు, వత్తులు అని పిల్లలు ఏడుస్తారని జాలిపడే వాళ్లం మనం.

నిషికసాయి ఎందుకు?

టోక్యోలో తెలుగువాళ్లు ఎక్కడుంటారని అడిగితే ముందు వినపడేది ఎడోగావా వార్డులోని నిషికసాయి పేరు. కలకత్తా నుంచి వెళ్లిన తేయాకు వ్యాపారి జగ్‌మోహన్ చంద్రానీ 1970ల చివర్లో అక్కడ కాపురం పెట్టినప్పుడు చుట్టుపక్కల మనదేశం వాళ్లు దాదాపు లేరు. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఆగిపోతాయన్న భయం పుట్టినప్పుడు మన ఇంజినీర్లు విమానాలెక్కి దిగారు. దిగిన వాళ్లకు ఇల్లు దొరకలేదు. ఇల్లద్దెకు ఇవ్వాలంటే పూచీ పడే జపాన్ మనిషిని చూపించమనేవారు, తిరిగిరాని కానుక డబ్బు కట్టమనేవారు. ఆ రెండూ అడగని ప్రభుత్వ గృహసంస్థ అపార్టుమెంట్లు నిషికసాయిలో ఉన్నాయి. అక్కడి నుంచి తోజాయి లైను రైలెక్కితే బ్యాంకులూ కంపెనీలూ ఉండే ఓతెమాచికి మారకుండా పోవచ్చు. ఇల్లు, రైలు రెండూ కుదిరాయి. చంద్రానీ ఈ కుర్రవాళ్లకు భోజనశాల పెట్టించాడు. మన ఊళ్లో ఒకరు దుబాయి పోతే నలుగురు పోయినట్టు మిగతా వాళ్లంతా వెనకాలే పోయారు.

2024 ముగిసేసరికి జపాన్‌లో మన దేశస్థులు 50 వేలు దాటారు. నిషికసాయి నుంచే 2019లో యోగేంద్ర పురాణిక్ వార్డు సభకు గెలిచాడు. పుణె ప్రాంతం నుంచి వెళ్లిన మనిషి. తర్వాత ఇబరాకి జిల్లాలో ఒక సర్కారు హైస్కూలుకు ప్రిన్సిపాల్ కూడా అయ్యాడు.

పిల్లలు పుట్టాక బడి ప్రశ్న వచ్చింది. 2004లో ఇండియా ఇంటర్నేషనల్ స్కూల్, 2006లో గ్లోబల్ ఇండియన్ ఇంటర్నేషనల్ స్కూల్ టోక్యోలో మొదలయ్యాయి. సీబీఎస్ఈ సిలబస్, ఇంగ్లీషు చదువు. కొన్నాళ్లకు ఓ విచిత్రం జరిగింది. 2007, 2008 ప్రాంతంలో జపాన్‌లో ‘భారతీయ లెక్కల’ మోజు పట్టుకుంది. మన పిల్లలకు పంతొమ్మిదో ఎక్కం కూడా వస్తుందట అని పుస్తకాలు అచ్చేశారు, కొందరు జపాన్ తల్లిదండ్రులు తమ పిల్లల్ని తెచ్చి ఈ బడుల్లోనే చేర్చారు. మనవాళ్లు అక్కడి క్రమశిక్షణ కోసం వాళ్ల బడికి, వాళ్లు మన ఎక్కాల కోసం మన బడికి. దూరపు కొండలు రెండు వైపులా నునుపే.

సర్కారు బడిలో ఫీజు లేదు. మన బడిలో ఫీజు గట్టిగానే ఉంటుంది. అయినా ఈ రెంటి మధ్య తేల్చుకునేది డబ్బుతో కాదు. మనవాళ్లు ఒకరినొకరు అడుక్కునే మొదటి ప్రశ్న, “ఎన్నాళ్లుంటారు?” రెండు మూడేళ్లలో హైదరాబాద్ వస్తామంటే సీబీఎస్ఈ. ఉండిపోతామంటే జపాన్ బడి. అంటే ఆరేళ్ల పిల్లను ఏ గేటులోంచి లోపలికి పంపాలన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే, ఆలుమగలు పడక మీద ఎన్నో రాత్రులు వాయిదా వేసిన ప్రశ్నకు ముందు జవాబు చెప్పాలి. తిరిగి పోతామా? మా వాళ్లు ఆ రాత్రుల్లో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. సంచి మాత్రం కొన్నారు. తమ్ముడి పైసలతో.

తల్లికి చదువు

ఇక ‘చేరింది నేనే’ అన్న మాటకు వస్తాను.

చిన్నది రోజూ ఒక చిన్న పుస్తకం తెస్తుంది. టీచరు, తల్లి రాసుకునే పుస్తకం. పిల్లకు పొద్దున జ్వరం ఉందా, రేపు ఏం తేవాలి, ఇవాళ ఎవరితో పోట్లాడింది, అన్నీ అందులోనే. అది కాక బడి నుంచి కాగితాలు. ఈతకొలను మొదలయ్యే ముందు పిల్ల ఒంటి వేడి రాసి ముద్ర వెయ్యాల్సిన కార్డు. సంతకం కాదు, ముద్ర. ఆటల పండుగకు కూర్చునే చోటు నియమాలు. భూకంపం వస్తే పిల్లను ఎవరికి అప్పగించాలో రాసే పత్రం. మొదటి ఏడాది మా అమ్మాయి ఫోన్ కెమెరాతో కాగితం అనువాదం చేయించుకుని చదివేది. ఆ అనువాదంలో ఒకసారి ‘రేపు పిల్లతో పాటు పాలపెట్టెను కడిగి చంపి తీసుకురండి’ అని వచ్చిందట. కడిగి, విప్పి, చదునుచేసి తెమ్మని అసలు మాట.

నెలలో కొన్ని పొద్దుల్లో తల్లి కూడలి దగ్గర పసుపు జెండా పట్టుకుని నిలబడాలి. ఒకటో తరగతి పిల్లలు కూడా పెద్దవాళ్ల తోడు లేకుండా నడిచే బడికి పోతారు. దారి కాయడం తల్లిదండ్రుల వంతు. మన సాగర్ రోడ్డు మీద పిల్ల నడిచి బడికి పోవడం తలుచుకుంటేనే నాకు గుండె జారుతుంది. తుర్కయాంజాల్ నుంచి ఇబ్రహీంపట్నం దాకా పొద్దున ఎనిమిదికి పసుపు వ్యాన్లు, కాలేజీ బస్సులు, 277 నంబరు సిటీ బస్సు, ఇసుక లారీ, అన్నీ ఒక్క దారిలోనే. మొదటి వారం మా అమ్మాయి కూతురి వెనకాలే స్తంభాల చాటున నక్కి నక్కి నడిచింది. నాలుగో రోజు పక్కింటి ముసలామె పట్టుకుని, నవ్వి, నువ్వొక్కదానివే కాదు, అందరం నక్కినవాళ్లమే అన్నదట.

అన్నిటికంటే పెద్ద పరీక్ష అన్నం దగ్గర. బడి భోజనాన్ని ‘క్యూషోకు’ అంటారు. 1954లో దానికి చట్టమే చేశారు. తరగతి గదిలోనే తింటారు. పిల్లలే తెల్ల టోపీలు, ఏప్రన్లు వేసుకుని వడ్డిస్తారు. వంతు వచ్చిన వారం ముగియగానే ఆ ఏప్రన్ ఇంటికొస్తుంది, ఉతికి ఇస్త్రీ చేసి సోమవారం పంపాలి. ముచ్చటైన ఏర్పాటే. కానీ నెల మొదట్లో వచ్చే పట్టికలో గొడ్డు మాంసం, పంది మాంసం ఉంటాయి. అవి తీసేసినా చారులో చేపల ఎసరు ఉంటుంది. దాన్ని ‘దాషి’ అంటారు. మనకు పోపు ఎలాగో వాళ్లకది అలాగ, కంటికి కనపడదు, అన్నిట్లోనూ ఉంటుంది. శాకాహారుల ఇళ్లలో ఇక్కడే బడి మారిన సందర్భాలున్నాయి. మా వాళ్లు కోడి, మేక, చేప తినేవాళ్లే కాబట్టి కొంత నయం. మిగిలిన రోజుల్లో ఇంటి డబ్బా. ఆ డబ్బాలో పులిహోర పెడితే మొదటి రోజే చిన్నది సగం తిని తెచ్చింది. పసుపు రంగు చూసి చుట్టూ చేరారట పిల్లలు. అప్పటి నుంచి తల్లి ఏ రోజుకారోజు బడిలో ఏం వండుతున్నారో చూసి, అలాగే కనిపించేది ఇంట్లో వండి పంపడం మొదలుపెట్టింది. వాళ్లకు పంది మాంసం కట్లెట్ అయితే మనకు అదే ఆకారంలో ఆలుగడ్డ కట్లెట్. రుచి మనది, రూపం వాళ్లది. తెల్లవారుజామున ఐదింటికి లేచి వేషం కట్టిన వంట.

అక్కడ సగం తిన్న పులిహోర గురించి విన్నప్పుడు నాకు కోపం వచ్చింది. తర్వాత మా తెలుగు సినిమాయే కొంత పరువు నిలబెట్టింది. ‘ఆర్ఆర్ఆర్’ 2022 అక్టోబరులో జపాన్‌లో విడుదలై 200 కోట్ల యెన్‌లకు పైగా వసూలు చేసింది. ఆడవాళ్లే మగ వేషాలు కూడా కట్టే తకరాజుకా నాటక బృందం 2024 జనవరిలో దాన్ని రంగస్థలం మీద ఆడింది, భీమ్‌నే కథానాయకుణ్ని చేసి. మన ఆదిలాబాదు గోండు వీరుడి పేరును జపాన్ ఆడపిల్లలు చప్పట్ల మధ్య పలికారు. ‘నాటు’ అడుగు సరిగా వేసి చూపించగల పిల్ల తరగతిలో ఒక్కతే ఉంటే ఆమె డబ్బాలో పులిహోర ఉన్నా ఎవరూ ఏమీ అనరు.

చీపురు

నిరుడు ఆగస్టులో వచ్చారు. జపాన్ బడులకు జూలై మూడో వారం నుంచి ఆగస్టు చివరిదాకా ఎండాకాలం సెలవులు. మన పిల్లలకు అది బడి కాలం. తమ్ముడి కొడుకు పిల్లలు పొద్దున బస్సెక్కి పోతే చిన్నదానికి ఇంట్లో తోచదు. దాంతో తమ్ముడు దగ్గరలోని సర్కారు బడికి తీసుకుపోయి, హెడ్మాస్టరు గారిని బతిమాలి, వారం రోజులు కూర్చోబెట్టాడు. రాతకోతలేమీ లేవు. ‘కూసోనీయండి సార్, ఊకె.’

మొదటి రోజు గడప దగ్గర చెప్పులు విప్పి వరుసలో సర్దింది. తనవే కాదు, అందరివీ. పిల్లలు నవ్వారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక మూలన ఉన్న చీపురు తీసుకుని తరగతి ఊడవడం మొదలుపెట్టింది. టీచరమ్మ పరుగెత్తుకొచ్చి చీపురు లాక్కుంది. “అమ్మో, ఎవరన్నా ఫోటో తీస్తే నా ఉద్యోగం పోతది బిడ్డా!”

ఆమె భయంలో తప్పు లేదు. ‘విద్యార్థులతో వెట్టి’ అని శీర్షిక పెట్టి, చీపురు పట్టుకున్న పిల్ల ఫొటో వేసి, హెడ్మాస్టరు మీద చర్యలకు డిమాండ్ చేసిన వార్తలు నేను చదివాను. పత్రికల్లో పనిచేసిన కాలంలో అలాంటిది ఒకటి దిద్దాను కూడా. జపాన్‌లో అదే పని టైంటేబుల్లో ఉంటుంది. రోజూ పావుగంట, ఇరవై నిమిషాలు, గది, వరండా, మెట్లు, కొన్ని బడుల్లో మరుగుదొడ్డి. డాక్టరు కొడుకూ ఊడుస్తాడు, హోటల్ సర్వర్ బిడ్డా ఊడుస్తుంది. టోక్యోలోని ఒక ప్రాథమిక బడిలో ఏడాదిపాటు చిత్రీకరించి ఎమా ర్యాన్ యమజాకి తీసిన డాక్యుమెంటరీ చూసి ప్రపంచమంతా మెచ్చుకుంది. దాన్నుంచి తీసిన చిన్న సినిమా 2025 ఆస్కార్ నామినేషన్ల దాకా పోయింది. ఈజిప్టు 2018లో ఆ పద్ధతితో బడులే తెరిచింది.

మన వాట్సాప్ గ్రూపుల్లో ఆ వీడియోలు పంపుకుని, ‘మన దగ్గరా ఇలా ఉంటే’ అని నిట్టూర్చే మిత్రులకు నాదొక మాట. ఊడ్చే పని ఎవరిదో పుట్టుకతోనే రాసిపెట్టిన దేశం మనది. మన సర్కారు బడుల్లో ఏళ్ల తరబడి ఊడ్చే మనిషికి జీతం ఇచ్చే పద్దే లేకపోయింది. అప్పుడు చీపురు ఎవరి చేతికి వచ్చింది? బస్సు ఎక్కి ప్రైవేటు బడికి పోయే పిల్ల చేతికి రాలేదు. సర్కారు బడిలో మిగిలిన పేద పిల్ల చేతికి వచ్చింది. అందులోనూ ఏ వాడ పిల్ల చేతికి వచ్చిందో చెప్పనక్కర్లేదు. అది జపాన్ పాఠం కాదు, మన పాత పాఠమే. జపాన్‌కూ అంటరానితనం చరిత్ర ఉంది, 1871లో చట్టంతో ఆ హోదాలు తీసేశారు గానీ వివక్ష ఆ తర్వాతా నడిచింది. కాబట్టి వాళ్లను దేవుళ్లను చేయనక్కర్లేదు. అయితే యువరాజు కూడా తన సంచి తనే మోసిన బడి వాళ్లది. కార్పొరేట్ బడిలోనూ, గురుకులంలోనూ, సర్కారు బడిలోనూ ఒక్కరోజు నుంచే ఒక్కలాగా చీపురు ఇచ్చే దమ్ముంటే ఇవ్వాలి. లేకుంటే టీచరమ్మ లాక్కోవడమే న్యాయం.

మామిడిపండ్ల లెక్క

జపాన్ బడి ఏప్రిల్‌లో ఎందుకు మొదలవుతుందంటే పువ్వుల కోసం కాదు, పద్దుల కోసం. 1886లో వాళ్ల ప్రభుత్వం ఆర్థిక సంవత్సరాన్ని ఏప్రిల్‌కు మార్చింది, బడులు దాని వెంట నడిచాయి. మనకూ ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లోనే, తెల్లవాడు 1867 నుంచి పెట్టిపోయాడు. కానీ మన బడి ఎండకు తలవంచింది. ఏప్రిల్ 23 తర్వాత మూసి జూన్ 12న తీస్తాం. సరిగ్గా మనం మూసే వేళకు వాళ్లు కొత్త టీచరు పేరు నేర్చుకుంటుంటారు.

ఆ ఒక్క తేడా వల్ల మా చిన్నది బడిలో చేరిన దగ్గర్నుంచి మా ఇంట్లో మామిడిపండు తినలేదు. వాళ్లొచ్చేసరికి బంగినపల్లి అయిపోయి సీతాఫలం ఇంకా రాదు. సూటుకేసులో పెట్టి పంపుదామంటే కాయలోని ఈగ పురుగు భయంతో జపాన్ ఒప్పుకోదు. మన మామిడికి ఇరవై ఏళ్లు తలుపు మూసి 2006లో తెరిచింది. బంగినపల్లితో పాటు కొన్ని రకాలను మాత్రం, అదీ ఆవిరి వేడి తగిలించి, ధ్రువపత్రం తగిలిస్తేనే రానిస్తుంది. తమ్ముడు ఏటా రెండు కాయలు ఫ్రిజ్‌లో దాచి, జూలైకి కుళ్లిపోతే తిట్టుకుంటూ పారేస్తాడు.

ఇక తిరిగి వస్తే ఏంటన్న ప్రశ్న. 2018లో తెలంగాణ చట్టం చేసింది, ఏ సిలబస్ బడి అయినా తెలుగు నేర్పి తీరాలని. మంచి చట్టమే, నేను అప్పుడు చప్పట్లు కొట్టిన వాణ్నే. ఇప్పుడు మా ఇంటి లెక్క చూస్తే నవ్వొస్తుంది. రేపు ఐదో తరగతికి చిన్నది హైదరాబాద్ వచ్చిందనుకుందాం. ఇంగ్లీషు ఎలాగో నెట్టుకొస్తుంది, లెక్కల్లో ఇబ్బంది లేదు. వెనకబడేది తెలుగులో. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల ‘అమ్మ’ అని రాయడానికి ఆలోచిస్తుంది. అందుకే ఆదివారం ఉదయం ఆమెకు తల్లే టీచరు. వంటింటి గోడకు రెండు పట్టికలు అంటించి ఉన్నాయి, ఒకటి ఆ వారం కంజీలు, ఒకటి మన గుణింతం. ఆ రోజు నేను ఫోన్ చేస్తే ఎత్తరు. పరీక్ష నడుస్తుంటుంది.

పిల్లను తీసుకుపోలేని వాళ్లు

ఇదంతా కంపెనీ ఉద్యోగమున్న ఇంజినీరు ఇంటి కథ. ఇంజినీరింగ్ కాలేజీల మధ్య బతికే మా ఊళ్లో జపాన్ అంటే అందరికీ ముందు ఆ కథే తోస్తుంది. ఇంకో కథ మెల్లగా మొదలైంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సింగ్ చదివిన వాళ్లకు భాష నేర్పి, ముసలివాళ్లను చూసుకునే పనులకు జపాన్ పంపుతోంది. ముఖ్యమంత్రి 2025 ఏప్రిల్‌లో జపాన్ పోయినప్పుడు మరో 500 ఉద్యోగాలకు ఒప్పందాలు రాసుకొచ్చారు. అదే ఏడాది ఆగస్టులో ప్రధాని పర్యటనలో, ఐదేళ్లలో 50 వేల మంది నిపుణ పనివాళ్లు ఇక్కడి నుంచి జపాన్ వెళ్లాలని రెండు దేశాలూ అనుకున్నాయి.

వీళ్లలో చాలామంది వెళ్లే వీసా పేరు ‘నిర్దిష్ట నైపుణ్యం, మొదటి రకం’. ఐదేళ్ల దాకా ఉండొచ్చు. మొగుణ్ని, పిల్లల్ని తీసుకుపోవడానికి లేదు. సంరక్షణ పనిలో ఉన్నవాళ్లు అక్కడి జాతీయ పరీక్ష జపాన్ భాషలో రాసి పాసైతేనే కుటుంబాన్ని పిలిపించుకునే వీసా దొరుకుతుంది. అంటే యాచారం, మంచాల నుంచి ఒక తల్లి టోక్యోలో ఎవరి అమ్మకో అన్నం తినిపిస్తుంటే ఆమె పిల్లకు జూన్ 12న జడ వేసి బడికి పంపేది అమ్మమ్మ. నియామకపు సభల్లో జీతం ఎంతో పెద్ద అక్షరాల్లో చూపిస్తారు. ఈ ముక్క కూడా అంతే పెద్దగా చూపించాలి. పోయేవాళ్లు పోతారు, పోవాలి కూడా. తెలిసి పోవాలి.

ఎదురు ప్రయాణం మాటా ఉంది. మా ఇబ్రహీంపట్నంతో కలిపి ఏడు మండలాల్లోని 56 గ్రామాలను ఫ్యూచర్ సిటీ అన్నారు. జపాన్ కంపెనీ మరుబేని అక్కడ 600 ఎకరాల్లో పారిశ్రామిక పార్కు కడతానని ముఖ్యమంత్రి ఏప్రిల్ పర్యటనలోనే ఉద్దేశపత్రం మీద సంతకం పెట్టింది. ఉద్దేశపత్రం అంటే నిశ్చితార్థం కూడా కాదు, పెళ్లిచూపులు. అయినా రియల్ ఎస్టేటు వాళ్లు అప్పుడే లగ్గపత్రికలు పంచేస్తున్నారు. నిజంగా వస్తే జపాన్ కుటుంబాలు వస్తాయి, వాళ్ల వెంట ఆరేళ్ల పిల్లలు వస్తారు. ఢిల్లీలో, ముంబైలో జపాన్ వాళ్లు తమ బడులు తామే పెట్టుకున్నారు, అవీ ఏప్రిల్‌లోనే తెరుస్తారు. ఇక్కడా అలాగే పెట్టుకుంటారేమో. లేక ఒక జపాన్ తల్లి మన బడి పంపిన తెలుగు కాగితాన్ని ఫోన్ కెమెరాతో చదువుకుంటూ, రేపు పిల్లతో ‘బోనం’ పంపమన్నారు, అదేమిటో అని తల పట్టుకుంటుందేమో. ఆ రోజు ఆమెకు చెప్పడానికి మా ఇంట్లో ఒకామె ఉంది.

ఈ ఏప్రిల్‌లో చిన్నది మూడో తరగతికి వచ్చింది. సంచికి ఇంకా నాలుగేళ్ల గ్యారంటీ ఉంది. అల్లుడి వీసా వచ్చే ఏడాది ముగుస్తుంది. పొడిగిస్తారా అని తమ్ముడు అడగడు, వాళ్లు చెప్పరు.

ఆగస్టు మొదటి వారానికి టికెట్లు తీసుకున్నారు. హెడ్మాస్టరు గారు ఈసారి కూడా పిల్లను తెమ్మన్నారు. చీపురు మాత్రం ఆఫీసు రూములో పెట్టి తాళం వేస్తానన్నారు.